కుట్టు కనపడని చోటు

ఆటలో ఆ మనిషికి కత్తులు పదహారు,
రెక్కలు నాలుగు జతలు,
కొమ్ముల టోపీ, మంచులో నడిచే బూట్లు.
తుండుగుడ్డ లేదు.

అంత ఎండలో ఇసుక మీద పరిగెత్తేవాడికి
తలకి గుడ్డముక్క లేకపోతే
చీమకుర్తిలో పుట్టినదాన్ని,
ఎట్టా ఒప్పుకుంటా?

సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్. దాని ఫ్యాను
క్వారీ కంప్రెసర్ లాగా మోగుద్ది.
అమ్మ లైటు తీసెయ్యమన్నాక
తెర వెలుగులోనే మొదలుపెట్టా.
గుడ్డ చెయ్యడం తేలికే: నాలుగు మూలలు,
మధ్యలో గళ్ళు, గళ్ళలో ఇంకా చిన్న గళ్ళు.
తలకి చుట్టడమే రాలేదు.
మొదటివారం అంతా అది వాడి నెత్తిలో దూరి
ముక్కులోంచి బయటికొచ్చింది.

రంగు వెయ్యాలంటే ముందు గుడ్డని
విప్పి పరచాలట. ఎక్కడ కొయ్యాలో
నన్నే చెప్పమంది.
తోచినచోటల్లా కోశా.
నుదుటి మధ్యలో అతుకు తేలింది, గాటు పడ్డట్టు.

జాకెట్టు వంకతో బస్టాండు వెనక
మస్తాన్‌వలీ కొట్టుకి పోయి అడిగా:
కుట్టు ఎక్కడేస్తారు?
నోట్లో గుండుసూది తియ్యకుండానే అన్నాడు,
"చంక కింద. మెడ వెనక. లోపలి మడతలో.
మనిషి తన్ను తాను చూసుకోలేని చోట వెయ్యాల పిల్లా.
అప్పుడు గుడ్డకి కోతే పడనట్టుంటది."

ఆ రాత్రి అతుకుని చెవి వెనక్కి జరిపా.

రంగేశా. మెరిసింది,
పెళ్లికొడుకు భుజం మీది పట్టుకండువా లాగా.
నాన్న పాలిషింగ్ యూనిట్ నుంచొచ్చి
కాళ్లు కడుక్కుంటా ఓసారి చూశాడు.
"ఇది ఒళ్లు తుడుచుకున్న గుడ్డ కాదే."
గరుకుకి ఒక కొలత ఉంది నాన్నా,
సున్నా అంటే అద్దం, ఒకటంటే సుద్ద, అన్నా.
నవ్వాడు.
ఇరవైరెండేళ్లుగా ఆయన చేసేదదే.
రంపం కోసిన రాయిని
నంబరు మార్చి నంబరుతో రుద్ది,
నల్ల పలకలో బంగారు చుక్కలు తేలిందాకా
అరచేత్తో అడుగుతా ఉండటం.

మౌసు మీద నా చెయ్యి, నా చేతి మీద ఆయనది.
"ఇంకా. ఇంకొంచెం. ఆగు.
మెడ దగ్గర మెత్తబడాల, చెమట తాగుద్ది కదా.
కొసని గరుకుగానే ఉండనీ."
అంకె చూశా: సున్నా పాయింటు ఎనభైఏడు.
ఆయన అంకె వైపే చూళ్ళేదు.

ఇక ఎముకలు.
వాడికి అరవైనాలుగు. చెవి పక్కన వేలాడే కొసకి
నేను మూడు పెట్టా, ఒకదాని కింద ఒకటి.
ఏ ఎముక లాగితే గుడ్డ ఎంత కదలాలో
బరువు పూయాలి. ఎరుపైతే పూర్తిగా, నీలమైతే అసలు కదలదు.
అంతా ఎర్రగా పూస్తే కొస కర్రలా కొట్టుకుంది.
అంతా నీలమైతే, వాడు కిందికి వంగాడు,
గుడ్డ గాల్లోనే ఉండిపోయింది.

ఆదివారం డాబా మీద నాన్నకి తలగుడ్డ కట్టించి
ఫోను పట్టుకుని నిలబడ్డా.
వంగు. లెయ్యి. అటు తిరుగు. ఉరుకు.
"సినిమావోళ్ళా ఏంది మనం," అంటానే ఉరికాడు.
నాలుగడుగులకే దగ్గొచ్చింది.
చెయ్యి దానంతటదే కొసని అందుకుని
నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వీడియో ఎన్నిసార్లు ఆపి ఆపి చూశానో.
కదలిక కోసమే చూశా. కొసన
బూడిదరంగు మచ్చ కనపడింది, అరచేతంత.
రాతిపొడి, తడిసి ఆరి, మళ్లీ తడిసి.

అది కూడా వేశా.
ఇప్పుడు వాడు పరిగెత్తితే
ముందు తల, తర్వాత ముడి, ఆ తర్వాత కొస కదులుద్ది,
కొసతోపాటు మచ్చ.

అమ్మ టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడింది.
"ఆ మూల సరిగ్గా ఉతకలేదే," అని
కొంగుతో తెర తుడిచింది.
తెర మీది పొడి పోయింది.

రేపు చెప్పులు మొదలుపెట్టాల.
పట్టీ దగ్గర కుట్టు ఎక్కడేస్తారో తెలీదు.